కొండ మీద అడవి, ఖాతాలో డబ్బు

హరిశ్చంద్రపురం స్టేషనులో రైలెక్కండి. నౌపడా మీదుగా పలాస వైపు వెళ్లండి. ఎడమ చేతి వైపు దూరంగా కొండలు కనిపిస్తాయి. కుడి చేతి వైపు ఉప్పు మళ్లు, ఆ వెనక సముద్రం. మధ్యలో మన ఊళ్లు. పలాస దాటితే ఉద్దానం. ఉద్దానం అంటే ఉద్యానవనం. కొబ్బరి, జీడి, పనస తోటల సీమ.

ఈ కొండలకీ, ఈ తోటలకీ, ఆ సముద్రానికీ సంబంధం ఉంది. మధ్యలో ఉన్న మనకీ ఉంది. ఆ సంబంధం పేరే అడవి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, పలాస మండలాల్లో కొబ్బరి చెట్లు మొదలంటా కూలిపోయాయి. జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఒక్క రాత్రిలో పడిపోయిన చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఎన్నో ఏళ్లు పడుతుంది.

తోట పోతే రైతు ఏడుస్తాడు. తోట ఎవరిదో అందరికీ తెలుసు. మరి అడవి పోతే ఎవరు ఏడుస్తారు? అడవి ఎవరిది? దాన్ని మళ్లీ పెంచాలంటే డబ్బు ఎవరివ్వాలి? ఆ డబ్బు ఎలా వస్తుంది? ఎవరి చేతికి వస్తుంది? ఈ పాఠంలో ఇవి తెలుసుకుందాం.

అడవి చేసే పని

కొండ మీద చెట్లు ఉంటే వాన నీరు మెల్లగా దిగుతుంది. ఆకులు వాన దెబ్బను కాస్తాయి. వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. రాలిన ఆకు మెత్తటి పరుపులా ఉండి నీటిని పీలుస్తుంది. ఆ నీరు భూమిలోకి ఇంకి గెడ్డల్లో, ఊటల్లో, బావుల్లో చేరుతుంది.

కొండ బోడిగా ఉంటే ఏమవుతుంది? వాన పడగానే నీరు ఒక్కసారిగా దూకుతుంది. మట్టిని వెంట తెస్తుంది. చెరువు పూడిపోతుంది. పొలంలో ఇసుక మేట వేస్తుంది. నెల తిరిగేసరికి గెడ్డ ఎండిపోతుంది.

తీరంలో చెట్లు ఇంకో పని చేస్తాయి. సరుగుడు చెట్ల వరస గాలికి అడ్డుగోడ. గాలి జోరు తగ్గిస్తుంది. ఇసుక పొలాల మీదికి రాకుండా ఆపుతుంది. తుపానును ఏ చెట్టూ ఆపలేదు. దెబ్బను మాత్రం తగ్గిస్తుంది.

అడవి కడుపు కూడా నింపుతుంది. మందస, మెళియాపుట్టి కొండల్లో ఉండే సవరలు, జాతాపులు చింతపండు, ఉసిరి, కరక్కాయ, అడ్డాకు, కొండ చీపుర్లు తెచ్చి సంతలో అమ్ముతారు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఇలాంటి సరుకు కొంటూ ఉంది. పేద ఇంటికి వంట చెరకు కూడా అడవి నుంచే వస్తుంది.

ఒక్క ఊరి వల్ల కాదు

కొండకు ఒక వైపు మన ఊరు, ఇంకో వైపు పక్క ఊరు. మన ఊరు చెట్లు నాటి కాపలా కాసింది. పక్క ఊరు నరికేసింది. అప్పుడు కొండ నిలుస్తుందా? నిలవదు. గెడ్డ పైన ఒక ఊరు, కింద నాలుగు ఊళ్లు. పైన అడవి పోతే కింద నీళ్లు పోతాయి. నీటికి ఊరి సరిహద్దు తెలియదు. గాలికీ తెలియదు. మహేంద్రతనయ ఒడిశా కొండల్లో పుట్టి మన జిల్లాలోకి వస్తుంది. దానికి రాష్ట్రాల సరిహద్దు కూడా తెలియదు.

అందుకే అడవిని తిరిగి పెంచే పని పెద్ద ఎత్తున జరగాలి. పది ఊళ్లు కలవాలి. ఊరి జనం, అటవీ శాఖ, పంచాయతీ కలవాలి. ఇంత పని చందాలతో కాదు. ప్రభుత్వం డబ్బు పెట్టాలి. అదీ ఒక్క ఏడాది పెట్టి ఊరుకుంటే చాలదు. మొక్క నాటడం ఒక్క రోజు పని. దాన్ని బతికించడం ఏళ్ల తరబడి పని.

ఈ మాట మనమే కాదు, వేరే దేశాలూ తెలుసుకున్నాయి. అమెరికాలో 2009లో ఇందుకోసం ఒక చట్టం చేశారు. కనీసం 50,000 ఎకరాల అడవికి ప్రణాళిక ఉండాలి. ఆ ప్రాంతంలోని జనం, కలప పనివాళ్లు, అడవి ప్రేమికులు, అధికారులు కలిసి ఆ ప్రణాళిక వెయ్యాలి. అలా ఎంపికైన అడవికి పదేళ్ల వరకు డబ్బు ఇస్తారు. పని ఎలా జరిగిందో అందరూ కలిసి చూడాలి. దక్షిణ కొరియాలో యుద్ధం తర్వాత కొండలు బోడిగా మిగిలాయి. 1973లో అక్కడ పదేళ్ల ప్రణాళిక మొదలు పెట్టారు. ఊరూరా అటవీ సంఘాలు పనిలోకి దిగాయి. పదేళ్ల పని 1978 నాటికే పూర్తయింది.

దూరం ఎందుకొచ్చింది?

పాత రోజుల్లో మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1882లో తెల్లదొరల ప్రభుత్వం మద్రాసు అటవీ చట్టం తెచ్చింది. అడవికి సరిహద్దు రాళ్లు పాతారు. లోపల ఉన్నది సర్కారుది అన్నారు. తాతల నాటి నుంచి అక్కడ బతికినవాళ్లు ఒక్క రోజులో దొంగలయ్యారు. కట్టె తెచ్చినా నేరమే, పోడు కొట్టినా నేరమే.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పద్ధతి పెద్దగా మారలేదు. కొండల్లో జనానికి భూమి మీద హక్కు లేదు. షావుకార్ల అప్పులు, అధికారుల జరిమానాలు మీద పడ్డాయి. 1960ల చివర్లో శ్రీకాకుళం కొండల్లో వచ్చిన గిరిజన పోరాటానికి ఇవి ముఖ్య కారణాలు.

గార్డు ఒక్కడు. అడవి వేల ఎకరాలు. ఊరంతా శత్రువైతే ఒక్క గార్డు ఏం కాయగలడు? “అడవి మాది కాదు గదా, మాకేటి?” అని జనం అనుకున్నారు. లారీల్లో కలప పోయింది. కట్టెల మోపు ఎత్తినవాడికి శిక్ష పడింది. అడవి తరిగిపోయింది.

సాల అడవి నేర్పిన పాఠం

పశ్చిమ బెంగాల్‌లో అప్పట్లో మిడ్నపూర్ జిల్లా ఉండేది. అక్కడ అరబారి అనే చోట సాల అడవి ఉండేది. నరికి నరికి మోళ్లు మాత్రమే మిగిలాయి. 1972లో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి ఒక ప్రయత్నం చేశాడు. చుట్టూ ఉన్న 11 ఊళ్ల జనాన్ని కూర్చోబెట్టాడు. ఆ ఊళ్లలో 618 కుటుంబాలు ఉన్నాయి.

ఆయన చెప్పిన మాట సూటిగా ఉంది. మీరు అడవిని కాపాడండి. మీకు పని ఇస్తాం. కట్టెలు, గడ్డి మీరు తీసుకోండి. చెట్లు ఎదిగి అమ్మినప్పుడు లాభంలో నూటికి 25 రూపాయలు మీవి.

జనం ఒప్పుకున్నారు. వంతులేసుకుని కాపలా కాశారు. సాల మోడు చావదు. దాన్ని వదిలిపెడితే మళ్లీ చిగురిస్తుంది. కొన్నేళ్లలో అడవి లేచి నిలబడింది. కొత్త మొక్క ఒక్కటి నాటకపోయినా కొన్ని చోట్ల అడవి తిరిగి వస్తుందని అరబారి చూపించింది. అక్కడ కావలసింది కాపలా. కాపలాకు కావలసింది నమ్మకం. నమ్మకానికి కావలసింది వాటా.

1988లో కొత్త జాతీయ అటవీ విధానం వచ్చింది. అడవి దగ్గర బతికేవారి అవసరాలకే మొదటి హక్కు అని అది చెప్పింది. 1990 జూన్ 1న కేంద్రం అన్ని రాష్ట్రాలకూ ఉత్తరం రాసింది. ఊరి జనాన్ని కలుపుకుని అడవులు పెంచండి అని చెప్పింది.

మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితి

ఆంధ్రప్రదేశ్ 1992లో దీనికి ఉత్తర్వు ఇచ్చింది. దీన్ని ఉమ్మడి అటవీ యాజమాన్యం అన్నారు. ఊరిలో వన సంరక్షణ సమితి పెట్టాలి. వాడుకలో వి.ఎస్.ఎస్. అంటారు. ప్రతి ఇంటి నుంచి ఒక మగ, ఒక ఆడ సభ్యులుగా చేరవచ్చు. వాళ్లు కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. అటవీ శాఖ కొంత అడవిని ఆ సమితికి అప్పగిస్తుంది. అంటే అమ్మడం కాదు. భూమి సర్కారుదే. కాపలా, పని, ఫలం సమితివి.

మొదట్లో కలప ఆదాయంలో కొంత వాటా ఇస్తామన్నారు. తర్వాత వాటా పెంచారు. కొత్తగా పెరిగిన కలప, వెదురు మీద వచ్చే నికర ఆదాయమంతా సమితికే అన్నారు. అందులో ఒక భాగం మళ్లీ అడవి మీదే ఖర్చు పెట్టాలి.

దీనికి డబ్బు ఎక్కడిది? 1994 నుంచి 2000 వరకు ప్రపంచ బ్యాంకు సాయంతో అటవీ పథకం నడిచింది. దాని ఖర్చు సుమారు 354 కోట్ల రూపాయలు. ఆ తర్వాత 2002లో సామాజిక అటవీ యాజమాన్యం అనే రెండో పథకం వచ్చింది. దానికి ప్రపంచ బ్యాంకు 10 కోట్ల 80 లక్షల డాలర్లు ఇచ్చింది. అప్పటికి ఉమ్మడి రాష్ట్రంలో ఏడు వేలకు పైగా సమితులు ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. ప్రపంచ బ్యాంకు ఇచ్చింది దానం కాదు, అప్పు. అప్పు తీర్చేది ప్రభుత్వం. ప్రభుత్వానికి డబ్బు వచ్చేది పన్నుల నుంచి. మనం కొనే సబ్బు మీదా, అగ్గిపెట్టె మీదా పన్ను ఉంది. కాబట్టి అది మన డబ్బే. దాని లెక్క అడిగే హక్కు మనకుంది.

డబ్బు ఊరికి వచ్చే దారి

అడవి పని డబ్బు ఒక క్రమంలో రావాలి.

మొదట ఊరి జనమూ, అటవీ ఉద్యోగులూ కలిసి అడవి అంతా తిరగాలి. ఎక్కడ మోళ్లు ఉన్నాయి? ఎక్కడ నేల కోసుకుపోయింది? పశువులు ఎక్కడ మేస్తాయి? ఇవన్నీ రాసుకోవాలి. దీన్ని సూక్ష్మ ప్రణాళిక అంటారు. ఊరికి ఏ చెట్లు కావాలో ఊరే చెప్పాలి. ఆడవాళ్లను తప్పకుండా అడగాలి. మగవాడిని అడిగితే టేకు అంటాడు. ఆడదాన్ని అడిగితే చింత, ఉసిరి, వంట చెరకు అంటుంది. ఎందుకంటే కట్టెల మోపు మోసేది ఆమె.

తర్వాత ఏ పనికి ఎంత ఖర్చో అంచనా వేస్తారు. గుంతలు తియ్యడం, కందకాలు తవ్వడం, రాతి కట్టలు వెయ్యడం, మొక్కలు తేవడం, నాటడం, కలుపు తియ్యడం, నీరు పొయ్యడం, కాపలా. చచ్చిన మొక్కల చోట మళ్లీ నాటడం కూడా అంచనాలో ఉండాలి.

ఆ తర్వాత డబ్బు సమితి పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాకు రావాలి. పని చేసినవాళ్లకు కూలి ఇవ్వాలి. ఎవరు ఎన్ని రోజులు పని చేశారో మస్టరులో రాయాలి. సమితి సమావేశంలో లెక్క చదివి వినిపించాలి. తీర్మానం పుస్తకంలో సంతకాలు పెట్టాలి.

చదువు ఉపయోగపడేది ఇక్కడే. పాసుపుస్తకంలో ఎంత పడిందో చదవగలిగిన వాడిని మోసం చెయ్యడం కష్టం. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసిన వాడిని మోసం చెయ్యడం సులువు.

అడవి పోయినందుకు వచ్చే డబ్బు

ఇంకో పెద్ద నిధి ఉంది. దాని పేరు కంపా నిధి. ఎలా వచ్చిందో చూద్దాం.

ఒక గనికో, రోడ్డుకో, ఆనకట్టకో అడవి భూమి కావాలి. కేంద్రం అనుమతి ఇస్తుంది. అడవి పోతుంది. పోయిన అడవికి బదులు వేరే చోట అడవి పెంచాలి. ఆ ఖర్చు భూమి తీసుకున్నవాడు కట్టాలి. అంతే కాదు. అడవి ఇచ్చే నీరు, గాలి, నీడ కూడా పోయాయి. వాటికీ వెల కట్టారు. 2008లో ఆ వెల హెక్టారుకు 4 లక్షల 38 వేల నుంచి 10 లక్షల 43 వేల రూపాయల వరకు ఉండేది. 2022లో దాన్ని పెంచారు. హెక్టారు అంటే సుమారు రెండున్నర ఎకరాలు.

ఈ డబ్బుకు వేరే నిధి ఉండాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. డబ్బు వచ్చి ఢిల్లీలో పోగుపడింది. ఏళ్ల తరబడి ఎక్కువ భాగం అక్కడే ఉండిపోయింది. 2013లో కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ, తన నివేదిక ఇచ్చింది. 2006 నుంచి 2012 వరకు లెక్కలు చూసింది. అడవికి బదులుగా 1,03,381 హెక్టార్ల భూమి రావాలి. వచ్చింది 28,086 హెక్టార్లు. చెట్లు పెంచింది 7,280 హెక్టార్లలో. అంటే నూరెకరాలు రావలసిన చోట వచ్చింది 27 ఎకరాలు. చెట్లు పెరిగింది 7 ఎకరాల్లో.

2016లో పార్లమెంటు దీనికి చట్టం చేసింది. నిధిలో నూటికి 90 రాష్ట్రాలకు, 10 కేంద్రానికి అని నిర్ణయించింది. 2019 ఆగస్టు 29న కేంద్రం 27 రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు బదిలీ చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1,734 కోట్లు.

ఇది చిన్న డబ్బు కాదు. ఈ డబ్బుతో ఎక్కడ మొక్కలు నాటాలి? ఎవరి భూమిలో నాటాలి? ఎవరు చెప్పాలి? 2018లో వచ్చిన నియమాల్లో ఒక మాట ఉంది. గ్రామసభను గానీ ఊరి అటవీ సమితిని గానీ సంప్రదించి పని చెయ్యాలి అని.

ఆ మాటను జాగ్రత్తగా చదవండి. ‘సంప్రదించి’ అని ఉంది. ‘ఒప్పుకుంటేనే’ అని లేదు. సంప్రదించడం అంటే అడగడం. అడిగి, మీ మాట వినకుండా కూడా పోవచ్చు. ఒప్పుకుంటేనే అంటే మీరు కాదంటే ఆగిపోవాలి. ఒక్క మాటలో ఎంత తేడా ఉందో చూశారా? చట్టం చదివేటప్పుడు ప్రతి మాటా బరువైనదే.

ఎక్కడ తప్పింది?

సమితుల వల్ల మంచి జరిగింది. చాలా చోట్ల మోళ్లు చిగురించాయి. ఊరి కూలీలకు పని దొరికింది. ఆడవాళ్లు సమావేశాల్లో కూర్చున్నారు. అయితే తప్పులూ జరిగాయి. వాటిని దాచుకుంటే మళ్లీ అవే జరుగుతాయి.

ఒకటి, పోడు భూమి. కాగితం మీద అది అడవి. నేల మీద అది ఒక సవర కుటుంబం సాగు చేసే రాగులు, కందులు. కొన్ని చోట్ల సమితి పేరుతో ఆ భూమిలో మొక్కలు నాటారు. తిండి గింజల చోట కలప మొక్క వచ్చింది. ఊళ్లో తగువులు వచ్చాయి. పేదవాడి పొలం మీద పెంచిన అడవి ఊరికి మేలు చెయ్యదు.

రెండు, ఒకే రకం చెట్లు. నీలగిరి చెట్టు తొందరగా పెరుగుతుంది. కలప అమ్ముకోవచ్చు. కానీ వరసగా నీలగిరి నాటితే అది తోట అవుతుంది, అడవి కాదు. దాని ఆకు పశువు తినదు. దాని కింద అడ్డాకు తీగ రాదు.

మూడు, పథకం ముగియడం. డబ్బు ఉన్నన్నాళ్లు సమావేశాలు జరిగాయి. పథకం అయిపోయాక చాలా సమితులు పేరుకే మిగిలాయి. మొక్కకు అయిదేళ్ల కాపలా కావాలి. డబ్బు రెండేళ్లకే ఆగితే మూడో ఏడు మేకలు మేస్తాయి.

నాలుగు, లెక్క. ఎన్ని మొక్కలు నాటారో బోర్డు మీద రాస్తారు. ఎన్ని బతికాయో రాయరు.

హక్కు కాగితం

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2008 జనవరి నుంచి దాని నియమాలు అమలయ్యాయి. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమి సాగు చేస్తూ ఉన్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు వస్తుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే బతుకుతున్నట్టు చూపించాలి.

ఈ చట్టంలో ఇంకో హక్కు ఉంది. చాలామందికి తెలియదు. ఊరు మొత్తానికి కలిపి అడవి మీద హక్కు. దీన్ని సామూహిక అటవీ వనరుల హక్కు అంటారు. తరతరాలుగా కాపాడుతూ వస్తున్న అడవిని కాపాడుకోవడానికి, తిరిగి పెంచుకోవడానికి గ్రామసభకు ఈ హక్కు ఉంది.

సమితికీ ఈ హక్కుకీ తేడా ఏమిటి? సమితి ఉత్తర్వు వల్ల పుట్టింది. ఉత్తర్వు మారితే సమితి మారుతుంది. హక్కు చట్టం వల్ల వచ్చింది. దాన్ని ఒక అధికారి తీసెయ్యలేడు. అడవి పెంచే డబ్బు రాకముందే ఈ హక్కు కాగితం చేతిలో ఉంటే ఊరు గట్టిగా మాట్లాడగలదు.

తీరంలో ఏం చెయ్యాలి?

తీరంలో సరుగుడు వనాలు తుపానుల తర్వాత పెంచారు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఈ పని మీద ప్రభుత్వం దృష్టి పెట్టింది. సరుగుడుకు అమ్మకం విలువ ఉంది. అందుకే దొంగతనంగా నరికేవాళ్లూ ఉంటారు. వరసలో పది చెట్లు పోతే గోడకు కన్నం పడినట్టే. గాలి ఆ కన్నం లోంచే దూరుతుంది. వేటకు వెళ్లే గంగపుత్రులకు, తోట రైతులకు ఇద్దరికీ ఈ గోడ కావాలి. కాపలా ఒక్కరిది కాదు.

నదులు సముద్రంలో కలిసే చోట మడ అడవులు పెరుగుతాయి. గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో పూర్వం నరికిన మడ అడవిలో నేల ఉప్పుబారింది. మొక్క రాలేదు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, మత్స్యకార గ్రామాలు కలిసి పని చేశాయి. భారత, కెనడా పర్యావరణ నిధి డబ్బు ఇచ్చింది. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, రెండు పక్కలా చిన్న కాలువలు. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు లోపలికి వెళ్లింది. పాటు వచ్చినప్పుడు తిరిగి వచ్చింది. నేలలో ఉప్పు తగ్గింది. నాటిన మడ మొక్క బతికింది.

టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. దూరం నుంచి ఎగిరి వచ్చే గూడబాతులు, కొంగలు ఆ ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని తరమరు. అవి రావడం ఊరికి శుభం అనుకుంటారు. చెట్టును, పిట్టను కాపాడే బుద్ధి మన జిల్లాకు కొత్త కాదు.

మనం వేసుకోగల లెక్క

మీ ఊరి కొండ మీద 10 హెక్టార్లలో మొక్కలు నాటారు అనుకుందాం. మొక్కకు మొక్కకు రెండు మీటర్ల దూరం. అంటే ఒక్కో మొక్కకు నాలుగు చదరపు మీటర్ల చోటు. హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. 10,000ను 4తో భాగిస్తే 2,500. పది హెక్టార్లకు 25,000 మొక్కలు.

బోర్డు మీద 40,000 అని రాసి ఉంటే? అడగాలి.

మూడేళ్ల తర్వాత కొండ ఎక్కండి. అన్ని మొక్కలూ లెక్కపెట్టక్కర్లేదు. అక్కడక్కడ పది వరసలు తీసుకోండి. వరసకు పది గుంతలు చూడండి. మొత్తం నూరు గుంతలు. ఎన్నిటిలో మొక్క బతికి ఉంది? 40 ఉంటే నూటికి 40 బతికాయి. అంటే 25,000లో సుమారు 10,000. మిగతా 15,000 చోట్ల మళ్లీ నాటడానికి డబ్బు అంచనాలో ఉందా? ఉంటే ఎక్కడికి పోయింది? లేకపోతే ఎందుకు లేదు?

ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. కూడిక, భాగహారం వస్తే చాలు.

ఎలా అడగాలి?

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తెల్ల కాగితం మీద తెలుగులో రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు ఏమీ కట్టనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

దరఖాస్తులో ఇలా రాయండి:

“మా గ్రామ పరిధిలోని అడవిలో గత అయిదేళ్లలో మొక్కల పెంపకానికి ఏ నిధి నుంచి ఎంత డబ్బు మంజూరైంది? ఎంత ఖర్చయింది? ఏ రకం మొక్కలు ఎన్ని నాటారు? ఎన్ని బతికాయి? మస్టరు నకలు, ప్రణాళిక నకలు, గ్రామసభ తీర్మానం నకలు ఇవ్వగలరు.”

ఒక్కరు రాస్తే భయం. పది మంది కలిసి రాస్తే బలం. పొదుపు సంఘంలో మాట్లాడుకోండి. గ్రామసభలో లేచి అడగండి. అధికారిని తిట్టనక్కర్లేదు. మంచి అధికారికి మన ప్రశ్నే అండ. డబ్బు ఎందుకు రాలేదో పైవాళ్లను అడగడానికి ఆయనకు మన కాగితం ఉపయోగపడుతుంది.

అడవి పెంచడానికి డబ్బు కావాలి, నిజమే. కానీ డబ్బు చెట్టుకు నీళ్లు పొయ్యదు, మేకను తోలదు. ఆ పని చేసేది మనిషి. ఆ మనిషికి భూమి మీద హక్కు, పనికి కూలి, పంటలో వాటా, లెక్కలో మాట ఉండాలి. ఈ నాలుగూ ఉన్న చోట కొండ పచ్చగా నిలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా బోర్డు మాత్రమే మిగులుతుంది.

కొత్త మాటలు

సూక్ష్మ ప్రణాళిక: ఊరి అడవిలో ఏ పని ఎక్కడ, ఎప్పుడు చెయ్యాలో ఊరే కూర్చుని రాసుకునే కాగితం.
మంజూరు: డబ్బు ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకోవడం.
మస్టరు: ఎవరు ఎన్ని రోజులు పని చేశారో రాసే పట్టీ.
తీర్మానం: సభలో అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం.
నకలు: అసలు కాగితానికి కాపీ.

చదివి మాట్లాడుకోండి

1. మీ ఊరికి దగ్గరలో ఉన్న కొండ 20 ఏళ్ల కింద ఎలా ఉండేది? పెద్దవాళ్లను అడగండి.
2. మీ ఊళ్లో వన సంరక్షణ సమితి ఉందా? చివరి సమావేశం ఎప్పుడు జరిగింది?
3. మీ ఊరి కొండ మీద ఏ చెట్లు పెంచాలి? ఆడవాళ్లు ఒక జాబితా, మగవాళ్లు ఒక జాబితా రాయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.
4. ‘సంప్రదించి’, ‘ఒప్పుకుంటేనే’. ఈ రెండు మాటల తేడా మీ ఇంట్లో ఒకరికి వివరించండి.